వార్త వెనుక చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజుల్లో తెలుగు ఇళ్లలో ఒకే చర్చ జరుగుతుంది. ఇంజనీరింగా, వైద్యమా, కాకపోతే వాణిజ్యశాస్త్రమా? ఈ మూడింటిలో దేనికీ తల ఊపకుండా పత్రికారచన చదువుతానని ఏ విద్యార్థి అయినా అంటే ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. ఆ తరువాత తండ్రి నోటి వెంట వచ్చే ప్రశ్న దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. "వార్తలు రాయడానికి చదువెందుకురా? నాలుగు ముక్కలు రాయడం వస్తే చాలదా? మన మండల విలేకరి ఏ విశ్వవిద్యాలయంలో చదివాడు?"

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. దీనికి సరిగ్గా ఎదురుదిక్కు నుంచి వచ్చిన వాదం కూడా ఒకటి ఉంది. 2013లో భారత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షులుగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ పాత్రికేయ వృత్తిలో ప్రవేశించేవారికి కనీస విద్యార్హతను నిర్ణయించాలని ప్రతిపాదించి, ఆ విషయాన్ని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించారు. వైద్యునికీ న్యాయవాదికీ అర్హత అవసరమైనప్పుడు పాత్రికేయునికి మాత్రం ఎందుకు అక్కరలేదన్నది ఆ ప్రతిపాదన వెనుక ఉన్న తర్కం. పాత్రికేయులలో పలువురు దానిని వ్యతిరేకించారు. అది చట్టరూపం దాల్చలేదు; దాల్చకపోవడమే మేలయింది. వార్త రాసే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణం ప్రతి పౌరునికీ ఇచ్చిన వాక్స్వాతంత్ర్యంలో భాగం. దానికి ఒక అనుమతిపత్రం అవసరమని అంటే, ఆ పత్రాన్ని ఇచ్చే చేతికీ తిరిగి లాక్కునే చేతికీ పత్రికలు లోబడి ఉండవలసి వస్తుంది.

ఇంట్లో తండ్రి చదువు అక్కరలేదంటున్నాడు. ప్రతిపాదన చేసినవారు చదువు లేనిదే వృత్తిలో చోటు లేదన్నారు. ఇద్దరూ చదువును పట్టాతోనే కొలిచారు. పట్టాను కాసేపు పక్కన పెట్టి, ఆ చదువులో ఉన్నదేమిటో పరిశీలించడం అవసరం.

తెలుగు పత్రికల తొలితరం సంపాదకులలో ఎవరికీ పత్రికారచనలో పట్టా లేదన్నది నిజం. 1874లో 'వివేకవర్ధని'ని స్థాపించిన కందుకూరి వీరేశలింగం బడిపంతులు. 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించిన కాశీనాథుని నాగేశ్వరరావు వ్యాపారి. అమృతాంజనం అమ్మకంతో వచ్చిన సంపాదన ఆ పత్రికకు అండగా నిలిచింది. తలనొప్పికి మందు అమ్మిన డబ్బుతో పాలకులకు తలనొప్పి కలిగించిన ఘనత ఆయనది. 1926లో హైదరాబాదులో 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివినవారు.

అయితే వీరు చదువుకోని పాత్రికేయులు కారు. సురవరం వారి విషయమే చూడవచ్చు. నిజాం రాష్ట్రంలోని తెలంగాణంలో చెప్పుకోదగిన తెలుగు కవులు లేరని ఆ రోజుల్లో ఒక మాట వచ్చింది. దానికి ఆగ్రహించి, ఆ మాట అన్నవారిని నిందిస్తూ ఒక సంపాదకీయం రాయడం సులభం. మరునాటికి జనం దానిని మెచ్చుకొని, ఆ మరునాటికి మరచిపోయేవారు. సురవరం వారు ఆ దారి పట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలనూ పద్యాలనూ సేకరించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించారు. ఆరోపణకు ఆధారం జవాబయింది. లేరన్నవారి ముందు పేర్లు, ఊళ్లు, పద్యాలు పెట్టి, ఇక చదువుకోండి అన్నట్లుగా ఉంటుంది ఆ సంచిక. నేటి విశ్వవిద్యాలయాలు పరిశోధనాత్మక పత్రికారచన అన్న పేరుతో బోధించే పద్ధతి ఇదే. సంపాదకునిగా ఆయన అలవరచుకొన్న ఆ ఆధారనిష్ఠయే తరువాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను రాయించింది. 1955లో తెలుగు రచనకు లభించిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ గ్రంథానికే దక్కింది. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ ఆమోదించింది. పత్రికారచనలో పట్టా లేని పాత్రికేయుని పేరు ఒక విశ్వవిద్యాలయానికి అమరడం ముచ్చటైన విషయం.

ఆ తరంవారు జీవితకాలమంతా ధారపోసి, దెబ్బలు తిని, అభియోగాలు ఎదుర్కొని నేర్చుకొన్నదాన్ని విశ్వవిద్యాలయం రెండేళ్లలో అందించజూస్తుంది. తేడా కాలవ్యవధిలో ఉంది. నేర్చుకొనే కాలంలో జరిగే పొరపాట్ల ఖరీదు ఎవరు చెల్లిస్తారన్న దానిలో మరొక తేడా ఉంది. తరగతి గదిలో విద్యార్థి చేసే పొరపాటుకు ఎర్రసిరా గీత పడుతుంది. అదే పొరపాటు పత్రికలో అచ్చయితే మూల్యం చెల్లించేది రాసినవాడు కాదు, ఎవరిని గురించి రాశాడో వారు.

ఈ ఆలోచన పాశ్చాత్య దేశాలలో కూడా సులభంగా నెగ్గలేదు. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం 1908లో పత్రికారచనా కళాశాలను ప్రారంభించింది. న్యూయార్కులో 'వరల్డ్' పత్రికను నడిపిన జోసెఫ్ పులిట్జర్ అటువంటి కళాశాల కోసం కొలంబియా విశ్వవిద్యాలయానికి ఇరవై లక్షల డాలర్లు ఇవ్వజూపాడు. పాత్రికేయుడు పుట్టుకతో రావాలి గాని చదివిస్తే రాడని పరిహసించినవారికి 1904లో ఒక సుదీర్ఘ వ్యాసంలో సమాధానం చెప్పాడు. 1911లో ఆయన మరణించాడు. మరుసటి సంవత్సరం కళాశాల తెరుచుకొంది. ఇందులో ఒక విచిత్రముంది. 1890 తరువాతి దశకంలో సంచలనమే పరమార్థంగా సాగిన పసుపుపచ్చ పత్రికారచనకు ఆయన పత్రిక పేరుమోసింది. చేసిన పని ఎటువంటిదో ఎరిగినవాడు కనుకనే రాబోయే తరానికి వేరే చదువు కావాలనుకొన్నాడేమో! ఆయన పట్టుబట్టిన మరొక విషయం కూడా ఉంది. ఆ కళాశాలలో పత్రిక అమ్మకాలు, ప్రకటనల సేకరణ వంటి వ్యాపార విషయాలు బోధించరాదన్నాడు. వార్త రాసేవాడికి గల్లాపెట్టె లెక్క తెలియకపోవడమే మంచిదని ఆ వ్యాపారి ఉద్దేశం.

మన దేశంలో అనీబిసెంటు 1920లో మద్రాసులోని అడయారులో తొలి ప్రయత్నం చేసింది. 1938లో అలీగఢ్‌లో, 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. మద్రాసు విశ్వవిద్యాలయం 1947లో ఆ దారి పట్టింది. తెలుగునేలపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పత్రికారచనా శాఖ 1954లో వెలసింది. అమెరికాలో పత్రికారచనా విద్య చరిత్రను గ్రంథస్థం చేసిన ఆచార్య డిఫారెస్ట్ ఓడెల్‌కు దాని తొలినాళ్లతో సంబంధం ఉంది. ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ 1965లో ఏర్పడింది. నేడు తెలుగు రాష్ట్రాలలోని పలు విశ్వవిద్యాలయాలలో ఈ శాఖ ఉంది. కొన్ని డిగ్రీ కళాశాలల్లో బి.ఏ. స్థాయిలోనే చరిత్ర, రాజనీతిశాస్త్రాల సరసన పత్రికారచన ఒక పాఠ్యాంశంగా ఉంది.

ఈలోగా తెలుగు పత్రికల స్వరూపమే మారిపోయింది. 1974లో విశాఖపట్నంలో 'ఈనాడు' ప్రారంభమైంది. 1989 నుంచి జిల్లా సంచికలు వచ్చాయి. అంతవరకు ఢిల్లీ వార్తలు, హైదరాబాదు వార్తలు చదివిన రైతు తన ఊరి చెరువు గండి గురించి పత్రికలో చదివాడు. అది చిన్న మార్పు కాదు. ప్రతి మండలానికీ ఒక విలేకరి కావలసి వచ్చాడు. విశ్వవిద్యాలయాలు అందరిని తయారుచేయలేదు. కొన్ని పత్రికలు తామే పాఠశాలలు పెట్టుకొని, భృతి ఇచ్చి, తమకు కావలసిన పద్ధతిలో తమకు కావలసినవారిని తీర్చిదిద్దుకొన్నాయి. ఈనాడు పాఠశాలకు బూదరాజు రాధాకృష్ణ వంటి భాషాశాస్త్రవేత్త ప్రధానాచార్యులుగా ఉండడం ఆ పాఠశాలల ప్రమాణాన్ని చెబుతుంది. వాటిని తక్కువ చేయరాదు. కాని పత్రిక పెట్టిన పాఠశాల పత్రికను ప్రశ్నించడం నేర్పదు. ఆ పని విశ్వవిద్యాలయమే చేయాలి.

ఇంతకూ ఆ తరగతి గదిలో ఏం నేర్పుతారు? మొదటిది ఎత్తుగడ. ముఖ్యమైన విషయాన్ని మొదటి వాక్యంలోనే చెప్పి, తక్కినవాటిని ప్రాధాన్యక్రమంలో పేర్చడాన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. ఇది పరాయి విద్య అని భయపడనక్కరలేదు. లంక నుంచి తిరిగివచ్చిన హనుమంతుడు సముద్రలంఘనంతో కథ మొదలుపెట్టలేదు. చూశాను అన్న మాట ముందు చెప్పి, సీతను అన్నది తరువాత చెప్పాడు. ఎదురుచూస్తున్నవారికి కావలసినది ఆ ఒక్క మాటే. మైనాకుడు, సురస, సింహిక ఎవరన్నది ఆనక తీరికగా చెప్పవచ్చు.

రెండవది నిర్ధారణ. ఇదే అన్నింటికన్న కష్టమైన పాఠం. పత్రికారచన ప్రస్తావన రాగానే కురుక్షేత్ర వార్తలు చెప్పిన సంజయుని తొలి విలేకరిగా పేర్కొనడం ఆనవాయితీ. నిజానికి పాత్రికేయ విద్యార్థి చదవవలసినది ద్రోణపర్వంలోని అశ్వత్థామ వృత్తాంతం. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ మరణించాడని కేకవేశాడు. ద్రోణుడు వెంటనే నమ్మలేదు. చెప్పినవాడు శత్రుపక్షంవాడు, పైగా కోపిష్ఠి. అందుకని అబద్ధమాడడని పేరున్న ధర్మరాజును అడిగాడు. విలేకరి భాషలో చెప్పాలంటే విశ్వసనీయమైన రెండవ వర్గం నుంచి సమాచారాన్ని సరిచూసుకొన్నాడు. ధర్మరాజు చెప్పిన వాక్యంలో అక్షరార్థంగా అబద్ధం లేదు. ఏనుగు అన్న మాటను వినీ వినపడనట్లు పలికాడు. ద్రోణుడు అస్త్రసన్యాసం చేశాడు, ప్రాణం పోయింది. ప్రతి పదమూ నిజమైన వాక్యం కూడా అబద్ధం చెప్పగలదని దీనికన్న స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకం చెప్పగలదు? నేటి వార్తాశీర్షికలలో చాలావాటిలో ఏనుగు అన్న మాట కింది వరుసలో చిన్న అక్షరాలలో ఉంటుంది.

ద్రోణుని పొరపాటు ఎక్కడుందో విద్యార్థులు చర్చించదగినది. వర్గం మంచిదే. కాని ఆ వర్గానికి యుద్ధంలో గెలవవలసిన అవసరం ఉందన్న సంగతిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

మూడవది చట్టం. అత్యాచారానికి గురైన బాలిక పేరు రాయరాదన్నది చాలామంది గ్రామీణ విలేకరులకు తెలుసు. అందుకని పేరు రాయరు. పేరుకు బదులు ఊరి పేరు, తండ్రి వృత్తి, ఆ బాలిక చదివే పాఠశాల, తరగతి రాస్తారు. ఆ ఊళ్లో ఆ తరగతిలో ఉన్నది పదిమంది పిల్లలే. మరునాడు ఆ బాలిక ఎవరో అందరికీ తెలిసిపోతుంది, బడి మానేస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం పేరును మాత్రమే కాక, గుర్తుపట్టడానికి వీలిచ్చే కుటుంబ వివరాలను, పాఠశాలను, ఇరుగుపొరుగును కూడా ప్రచురించరాదని చెబుతుంది. రాసిన విలేకరిలో దురుద్దేశం లేదు. పైపెచ్చు అన్యాయాన్ని లోకానికి చాటాననే తృప్తి ఉంటుంది. అతనికి ఆ సెక్షన్‌ను ఎవరూ చదివి వినిపించలేదు, అంతే. వార్తలు రాయడానికి చదువెందుకన్న తండ్రి ప్రశ్నకు ఆ బాలిక ఇంటి మూసిన తలుపు ఒక జవాబు.

చట్టాలు మారుతుంటాయి కూడా. భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 1867 నాటి పత్రికల నమోదు చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చి, 2024 మార్చి నుంచి అమలయింది. పాత పుస్తకం కంఠస్థం చేసినవాడికి ఈ మార్పులు అందవు.

నాలుగవది భాష. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన ఘటనలపై 'ఈనాడు' ప్రచురించిన వార్తకు 'పెద్దల గలభా' అనే శీర్షిక పెట్టింది. రెండే మాటలు. శాసనమండలిని పెద్దల సభ అంటారు. గలభా అంటే అల్లరి, గందరగోళం. సభాహక్కులకు భంగం కలిగిందన్న అభియోగం వచ్చింది. సంపాదకుని సభకు పిలిపించాలన్న నిర్ణయం, 1984లో సర్వోన్నత న్యాయస్థానం జోక్యం, శాసనవ్యవస్థకూ న్యాయవ్యవస్థకూ మధ్య ఉద్రిక్తత, ఇవన్నీ ఆ రెండు మాటల చుట్టూ తిరిగాయి. గలభా బదులు వాగ్వివాదం అని రాస్తే గొడవ ఉండేది కాదు. అయితే జరిగినదానికి వాగ్వివాదం అన్న మాట సరిపోతుందా? సరిపోదని రాసినవారు భావించారు. మాటను మెత్తబరచడం కూడా ఒక్కొక్కప్పుడు అసత్యమే అవుతుంది. పర్యాయపదాలు నిజంగా పర్యాయాలు కావని కావ్యపాఠం చెప్పే గురువులు ఎప్పుడూ అంటుంటారు. పత్రికా కార్యాలయంలో ఆ సంగతి న్యాయస్థానం మెట్లదాకా తీసుకువెళ్లగలదు.

వ్యాకరణం సంగతి కూడా అంతే. తెలుగు పత్రికల్లో ఇంగ్లీషు నుంచి దిగుమతి అయిన కర్మణి వాక్యాలు విస్తారంగా కనిపిస్తాయి. వంతెన ప్రారంభించబడింది, నిందితుడు పోలీసులచే అరెస్టు చేయబడ్డాడు వంటివి తెలుగు నుడికారానికి పొసగవు. పోలీసులు అరెస్టు చేశారు అంటే సరిపోతుంది. ఇది సొగసుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. కాల్పులు జరిగాయి అన్న వాక్యంలో కాల్చినవాడు లేడు. గుడిసెలు తొలగించబడ్డాయి అన్న వాక్యంలో తొలగించినవాడు లేడు. వాక్యం నుంచి కర్త తప్పుకొంటే బాధ్యత కూడా తప్పుకొంటుంది. తెలుగులో కర్తను దాచాలంటే కొంచెం కష్టపడాలి. ఆ కష్టం మంచిది.

ఇక సిద్ధాంతాల మాట. పత్రికారచన విద్యార్థులు అత్యధికంగా విసుక్కొనేది వీటినే. సమాచారం మాధ్యమాల నుంచి నేరుగా జనానికి చేరదని, మధ్యలో అభిప్రాయ నాయకులు ఉంటారని లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలను పరిశీలించి చెప్పింది. దీనిని ఇంగ్లీషు నోట్సులో చదివి పరీక్షలో అప్పగిస్తే అది ఎందుకూ కొరగాదు. ఊరి టీ దుకాణం ముందు ఒకడు పత్రికను బిగ్గరగా చదువుతుంటే, పదిమంది వింటూ, మధ్యలో ఒక పెద్దమనిషి 'అది కాదులే, అసలు సంగతి ఏమిటంటే' అని అందుకోవడం చూసిన విద్యార్థికి ఆ సిద్ధాంతం కొత్త కాదు. అతడు దానిని అమెరికా వారికన్న బాగా వివరించగలడు. ఆ అవకాశం అతనికి ఇస్తున్నారా అన్నదే ప్రశ్న. ప్రామాణిక గ్రంథాలలో అధికభాగం నేటికీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు పత్రికలో పనిచేయబోయే విద్యార్థి తన వృత్తిశాస్త్రాన్ని పరాయి భాషలో బట్టీపట్టి, ఉద్యోగంలో చేరిన తరువాత దానిని మరచిపోవడం ఆరంభిస్తాడు. ప్రయోగపత్రిక పేరుతో ఏడాదికి ఒక సంచిక, అదీ తనిఖీ సంఘం రాకకు ముందు హడావుడిగా వెలువరించే శాఖలు లేకపోలేదు. వారం వారం ఆ పత్రిక రావాలి; విశ్వవిద్యాలయం వసతిగృహంలోని అన్నం గురించి, ఆలస్యమవుతున్న ఫలితాల గురించి అందులో వార్తలు రావాలి. వాటిని అచ్చువేయడానికి సాహసించని శాఖ విద్యార్థులకు సాహసం బోధించలేదు.

పులిట్జర్ వద్దన్న గల్లాపెట్టె సంగతికి తిరిగి రావాలి. మండల విలేకరులలో చాలామందికి జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే పారితోషికం ప్రయాణ ఖర్చులకే చాలదు. పైగా పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనలు తెమ్మని లక్ష్యాలు నిర్ణయిస్తారు. ఉదయం ఎవరి అక్రమ నిర్మాణం గురించి రాయాలో సాయంత్రం వారినే ప్రకటన అడగాలి. ఈ కత్తి అంచున నడిచేవానికి నీతి బోధించడం చాలా తేలిక. 2009 ఎన్నికలలో డబ్బు తీసుకొని ప్రచారాన్ని వార్తగా ప్రచురించే చెల్లింపు వార్తల వ్యవహారం దేశమంతటా చర్చకు వచ్చింది. దానిని మొదట గట్టిగా ఎత్తిచూపినవారిలో ఆంధ్రప్రదేశ్ పాత్రికేయుల సంఘం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో నమూనా పరిశీలన కూడా జరిపింది. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి సభ్యుడు. 2010లో వారు సమర్పించిన నివేదికను పూర్తిగా బయటపెట్టడానికి కౌన్సిల్ వెనకాడింది. సమాచార హక్కు చట్టం కింద వచ్చిన ఆదేశం వల్ల 2011లో అది వెలుగు చూసింది. పత్రికల సంగతి పత్రికలవారే దాచబోతే, ఒక పౌరచట్టం బయటపెట్టింది. ఈ ఉదంతాన్ని పాత్రికేయ విద్యలో మొదటి వారమే చదివించాలి.

చదువు అంటే విశ్వవిద్యాలయంలోనే ఉంటుందని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో పస్తాపూర్ సమీపాన మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించింది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు దానిని నడుపుతున్నారు. జొన్నలు, కొర్రలు, విత్తనాల నిల్వ, పండుగ పాటలు, పొలం కష్టాలు వారి భాషలోనే వినిపిస్తాయి. వారికి పట్టాలు లేవు. ఏళ్ల తరబడి విత్తనాన్ని చేతిలోకి తీసుకొని పరీక్షించిన అనుభవం ఉంది. కట్జూ ప్రతిపాదన ఆకాశవాణికి వర్తిస్తుందో లేదో గాని, ఆ రేడియోకు అటువంటిది వర్తింపజేస్తే తెలుగునేల ఒక గొంతును పోగొట్టుకొనేది. ఒక విశ్వవిద్యాలయ శాఖ తన విద్యార్థులను నెలరోజులు అక్కడికి పంపితే ఎవరు ఎవరికి బోధిస్తారన్నది చెప్పడం కష్టం.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి తెలుగు రాష్ట్రాలలో చేతి ఫోన్లలో వ్యాపించింది. ముక్కూమొహం తెలియని బాటసారులను జనం కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ సందేశాలు పంపినవారిలో ఎవరూ విలేకరులు కారు. చదువుకొన్నవారే, పిల్లల మీద ప్రేమ ఉన్నవారే. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలలో అప్పటి పోలీసు అధికారి రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, డప్పు చాటింపులతో, జానపద గేయాలతో ఆ వదంతిని ఎదుర్కొన్నారు. పుకారు సెకన్లలో పరుగెత్తితే, నిజం డప్పు భుజాన వేసుకొని నడిచి వెళ్లింది, అయినా చేరింది. ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలుసు, ఇంకెవరైనా చూశారా అన్న మూడు ప్రశ్నలు వేయడం ఆ గ్రామాలకు నేర్పినవారు పోలీసులు. అది పత్రికారచనా శాఖల తొలి పాఠం. ఇంతవరకు ఆ పాఠం తరగతి గది దాటి రాలేదు.

విద్యార్థులకు ఉన్నదున్నట్లు చెప్పవలసిన సంగతి ఒకటి మిగిలింది. ఈ చదువు వల్ల ధనం రాశి పడదు. 2020లో కరోనా కాలంలో పత్రికల పేజీలు తగ్గాయి, చాలామంది ఉద్యోగాలు పోయాయి. పట్టా పుచ్చుకొన్నవారిలో కొందరు ప్రకటనల సంస్థలకు, జనసంబంధాల శాఖలకు, పోటీపరీక్షలకు వెళ్లిపోతారు. అందువల్ల డిగ్రీలో అర్థశాస్త్రమో, వ్యవసాయమో, చరిత్రో, గణాంకశాస్త్రమో గట్టిగా చదివి, ఆ తరువాత పత్రికారచనలో స్నాతకోత్తర విద్యకు వెళ్లడం తెలివైన పని. బడ్జెట్ పత్రం చదవలేని విలేకరి మంత్రి చెప్పిందే రాస్తాడు. నీటిపారుదల తెలియనివాడు గుత్తేదారు చెప్పిందే రాస్తాడు. రాసే యంత్రాలు వచ్చిన ఈ రోజుల్లో పత్రికా ప్రకటనను వార్తగా మార్చే పని యంత్రమే చేస్తుంది. గండిపడిన కట్ట దగ్గరకు వెళ్లి, బురదలో దిగి, ఇరుపక్షాలవారినీ అడిగి రావడానికి మనిషే కావాలి.

తండ్రి అడిగిన మండల విలేకరి మాత్రం విశ్వవిద్యాలయానికి వెళ్లలేదు, వెళ్లలేడు. పొద్దున పాఠశాలలో ట్యూషనో, కిరాణా దుకాణమో చూసుకొని మధ్యాహ్నం నుంచి వార్తల కోసం తిరుగుతాడు. రెండు రాష్ట్రాల మీడియా అకాడమీలు అప్పుడప్పుడు శిక్షణ తరగతులు నిర్వహిస్తున్నాయి. రెండు మూడు రోజులతో అవి ముగుస్తాయి. పత్రికారచనా శాఖ ఉన్న ప్రతి విశ్వవిద్యాలయం తన పరిధిలోని మండల విలేకరులకు ఆదివారాలలో తెలుగులో తరగతులు పెట్టవచ్చు. గదులు ఉన్నాయి, ఆ రోజు ఖాళీగానే ఉంటాయి. బస్సు చార్జీలు ఇచ్చి, మధ్యాహ్నం భోజనం పెడితే వస్తారు. పోక్సో చట్టంలోని 23వ సెక్షన్‌ను మొదటి ఆదివారం చదవవచ్చు. అదే బెంచీ మీద ఎం.ఏ. విద్యార్థిని కూర్చోబెడితే, విలేకరి ఆమె దగ్గర చట్టం నేర్చుకొంటాడు. తహసీల్దారు కార్యాలయంలో అడంగలు నకలు ఎవరిని అడిగితే దొరుకుతుందో ఆమె అతని దగ్గర నేర్చుకొంటుంది.